మామిడిపండు ముట్టని వేసవి

ఆ రోజుల్లో మనిషిని తూచడానికి పొలమూ చదువూ కాక ఇంకో తూకంరాయి ఉండేది: అన్న మాట మీద నిలబడతాడా, లేదా? ఇప్పుడు ఆ గొడవే లేదు. "దారిలో ఉన్నానండీ, వచ్చేశా" అని ఫోన్లో చెప్పే మనిషి అప్పటికింకా ఒంటికి సబ్బు రాసుకుంటూ ఉంటాడు. అవతలివాడికీ ఆ సంగతి తెలుసు, అందుకే వాడూ నింపాదిగా రెండో ఇడ్లీ పెట్టించుకుంటాడు. నేనలా కాదు. నా నోట్లోంచి మాట ఊడిపడిందంటే రాతి మీద చెక్కినట్టే. నూజివీడు చుట్టుపక్కల ఏ ఊళ్లోనైనా సరే, "ఆ అబ్బాయి మాటంటే మాటేనండీ, సూర్యుడైనా పడమట పొడుస్తాడేమోగానీ" అని నా గురించి చెప్పుకునేవారు. (చెప్పుకునేవారు అంటే, ఒక్కరు అన్నారు. ఆ ఒక్కరూ మా అమ్మ. అదైనా మెచ్చుకుని అన్నది కాదు, తల పట్టుకుని అన్నది.)

ఈ గుణం నాకు పాలతోనే వచ్చింది. చిన్నప్పుడొకసారి చెప్పులు వేసుకోనని అని, మే నెల ఎండలో వట్టికాళ్లతో విస్సన్నపేట దాకా నడిచాను. (విస్సన్నపేట దాకా కాదు లెండి, మా ఊరి చివర బస్సు ఆగే చోటి దాకా. అక్కణ్నించి బస్సెక్కాను. కాళ్లు బొబ్బలెక్కిన మాట మాత్రం అబద్ధం కాదు.) ఎవరి పోలికరా అని అడగాల్సిన అవసరమే లేదు, మా నాన్న ఇంతకు రెండింతలు. ఇలాంటి మనిషి ఇంట్లో ఒకడుంటే ఆ ఇంటికి పేరు. ఇద్దరుంటే ఆ ఇంట్లో వండిపెట్టే మనిషికి నరకం. ఈ రెండో ముక్క నాకు తెలిసింది మాత్రం నేను డిగ్రీ పూర్తి చేసి, ఉద్యోగానికి అర్జీలు పెట్టుకుంటూ, ఆ అర్జీలకి జవాబులు రాకపోవడాన్ని ఆస్వాదిస్తూ, ఇంట్లో తిని తిరుగుతున్న ఏడాది వేసవిలో.

మాది మామిడి తోట. ఎంత తోట అంటే, ఈ చివర నిలబడితే ఆ చివర కనపడేది కాదు. (కనపడనిది పక్కవాళ్ల తోట చివర. మా తోటకీ వాళ్ల తోటకీ మధ్య కంచె లేకపోవడం నాకు చాలా కలిసొచ్చింది.) కాపంతా పూత మీదే వ్యాపారికి ఇచ్చేసినా, ఇంటి వాడకానికని ఒకటి రెండు చెట్లు అట్టేపెట్టుకోవడం మా వైపు ఆనవాయితీ. మాకు ఇంటి చెట్టు చిన్నరసం. ఆ కాయలు కోసి, వెనక గదిలో గడ్డిలో మాగేసేవాళ్లం. మాగినవాటిలో మొదటి బుట్ట మా అక్క అత్తగారింటికి వెళ్లాలి. అది వెళ్లేదాకా ఇంట్లో ఎవరూ చెయ్యి పెట్టకూడదు. అదొక కట్టుబాటు. ఆ ఏడు బుట్ట సర్దుదామని మా అమ్మ గడ్డి తీస్తే, పై వరస కాయలు లేవు.

"ఏరా, అక్కయ్య వాళ్లకని పెట్టిన కాయలేవి?" అంది మా అమ్మ.

"నాకేం తెలుసు?"

"నీకు తెలీకపోతే నీ మంచం కింద టెంకలేంట్రా? వాటికేమన్నా కాళ్లొచ్చాయా?"

(ఆ టెంకల్లో కొన్ని నావేనని ఇప్పుడు ఒప్పుకున్నా నష్టమేం లేదు. మిగతావి ఎవరివో ఆ దేవుడికే తెలియాలి.) ఇంతటితో ఆగితే గొడవ గుమ్మం దాటేది కాదు. కానీ అప్పుడే వ్యాపారి పంపిన కోతకూలీలు మంచినీళ్లకని మా పెరట్లోకి వచ్చి ఉన్నారు. మా నాన్న వాళ్లందరికీ వినపడేలా అన్నాడు: "పాలగిన్నెకి పిల్లిని కాపలా పెట్టి పాలేవంటే అదేం చెప్తుందే? మామిడిపండు లేకుండా ఒక్క పూట ఉండలేడు వీడు. నోరు కట్టుకోలేనివాడికి ఉద్యోగం ఎవడిస్తాడు?" కూలీల్లో ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. ఉద్యోగం సంగతి అంటే పడేవాణ్నేమో, ఆ కొంగుల వెనక నవ్వు మాత్రం నా ఎముకల్లోకి దిగింది.

"అయితే అందరూ వినండి. ఈ వేసవి పోయేదాకా నేను మామిడిపండు ముట్టను. ముడితే నేను ఈయన కొడుకునే కాదు!" అన్నాను.

మా నాన్న నావైపు చూశాడు. "సరే" అన్నాడు. తలపాగా సర్దుకుని తోటలోకి వెళ్లిపోయాడు. ఆ 'సరే' లోనే ఉంది విషమంతా. "ఊరుకోరా, కోపంలో ఏదో అన్నాలే" అని ఉంటే మధ్యాహ్నం భోజనాలకల్లా మెత్తబడి ఉండేవాణ్ని. ఆయన సరే అనేశాక ఇంక నాకు వెనక్కి దారెక్కడుంది? ఆ పూట నుంచి ఆయనతో పంక్తిలో కూచోవడం కూడా మానేసి, ముందే తినేసి లేచిపోవడం మొదలుపెట్టాను.

మొదట్లో బ్రహ్మాండంగా ఉండేది. ఊరంతా నన్ను చూడ్డానికి తరలివచ్చింది. (ముగ్గురో నలుగురో వచ్చారు. వాళ్లలో ఒకాయన గొడ్డలి అరువడగడానికి వచ్చాడు.) "చిన్నరసాల చెట్టు కింద పుట్టినవాడు పండు మానేశాడంటే మాటలా!" అని ఒకాయన అంటే, అటు తిరిగి మీసం దువ్వుకున్నాను. ఆ తర్వాతే తెలిసొచ్చింది మా ఊళ్లో మే నెల అంటే ఏంటో. నా మంచం వేసింది కాయలు మాగేసిన గది పక్కనే. గోడకి ముక్కు లేదు గానీ నాకుంది కదా! పొద్దున లేస్తే వాసన, పడుకుంటే వాసన. రోడ్డు మీదికెళ్తే కాయల లారీలు. అన్నంలో కలుపుకునే రసం, పెరుగన్నంలో నంజుకునే రసం, ఉత్తినే చప్పరించే రసం, ఇన్నిట్లో ఏదీ నాది కాదు. పుల్లకాయ పప్పూ ఆవకాయా తినొచ్చని నా అంతట నేను తీర్మానించుకున్నాను, ఎందుకంటే అవి పండు కాదు కదా. (మామిడి తాండ్ర కూడా పండు కాదనే తీర్మానించుకున్నాను. ఆ తీర్మానం మాత్రం ఎవరికీ చెప్పలేదు, తాండ్ర దాచిన భోషాణం తాళం తీసి, దాని పక్కనే కూచుని అమలు చేశాను.)

కోతకొచ్చే ఒక ముసలమ్మ రోజూ పలకరించేది. "ఏం బాబూ, ఇయ్యాల గూడా తినలేదంట గదా. ఏదన్నా మొక్కా?"

"మొక్కు కాదు, మాట."

"మాటకెవరన్నా నోరు మాడ్చుకుంటారయ్యా? మా ఆయన రోజూ తాగనని మాటిస్తాడు. ఆయనేమన్నా మానేశాడా? హాయిగా ఉన్నాడు."

అసలు చిక్కు ఇంటి బయట వచ్చింది. మా వైపు మామిడి కాలంలో ఇంటికొచ్చిన మనిషికి కాఫీ ఇవ్వరు. నీళ్ల బేసిన్‌లో నానేసిన కాయలు తెచ్చి ముందు పెడతారు. వద్దంటే ఆ ఇంటిని వద్దన్నట్టే. "అవున్లే, మా కాయలు మీ చెట్టు కాయలంత తియ్యగా ఉంటాయా ఏంటి?" అని ఇల్లాలి మొహం చిన్నబోతుంది. ఒకచోట మొత్తం కథ చెప్పాను. వాళ్లు ఓపిగ్గా విని, ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. రెండో చోట "ఒంట్లో బాగాలేదండీ" అని ఊరుకున్నాను. అదే కొంప ముంచింది. ఒడ్డూ పొడుగూ ఉన్న కుర్రాడు, మే నెలలో, ఎదురుగా చిన్నరసం పెట్టుకుని వద్దంటున్నాడంటే, మా తోటల్లో దానికి ఒకటే కారణం ఉంటుంది. చక్కెర జబ్బు. వారం తిరక్కుండా మా అమ్మకి పక్కింటావిడ నేరేడు గింజల పొడి పంపించింది. ఇంకొకావిడ కాకరకాయలు బుట్టెడు పంపించి, "పాపం, ఈ వయసులోనే" అని కబురు కూడా పెట్టింది. మామిడిపళ్ల బుట్టలు తిరిగే కాలంలో కాకరకాయల బుట్ట వచ్చిన ఇల్లు మా జిల్లా మొత్తం మీద మాదొక్కటే అయ్యుంటుంది.

నవ్వుకుని వదిలేసేవాణ్నే. కానీ అప్పుడే మా విస్సన్నపేట మావయ్య, అంటే మా అమ్మ అన్నయ్య, నాకొక సంబంధం కదిపి ఉన్నాడు. అమ్మాయిది చాట్రాయి. మా అత్తయ్యకి దూరపు అక్క కూతురు. నేనామెను అంతకుముందే చూశాను, మావయ్య కూతురి పెళ్లిలో. పులిహోర బకెట్టు పట్టుకుని నేను ఎంతో మర్యాదగా వడ్డిస్తుంటే వెనకనించి వచ్చి, "ఇటివ్వండి. మీరిలా వడ్డిస్తే చివరాయన దగ్గరికి వెళ్లేలోపు మొదటాయనకి మళ్లీ ఆకలేస్తుంది" అని బకెట్టు లాక్కుంది. ఆ క్షణాన బకెట్టుతో పాటు ఇంకేదో కూడా పోయింది నా చేతుల్లోంచి. అప్పట్నించీ మావయ్య ఇంటికి ఏదో ఒక పని కల్పించుకుని వెళ్తూనే ఉన్నాను. చేసుకుంటే ఆ అమ్మాయినే చేసుకోవాలి. ఉద్యోగం రాకపోయినా ఫర్వాలేదు, ఈ సంబంధం మాత్రం తప్పిపోకూడదు. ఇదీ నా పరిస్థితి.

ఆ అమ్మాయి తండ్రి చాట్రాయిలో మంచి రైతు. ఆయనకొక సిద్ధాంతం ఉంది: మనిషి గురించి ఊరంతా వాకబు చెయ్యక్కర్లేదు, రసం తినే తీరు చూస్తే చాలు. కాయని ఎంత ఓపిగ్గా నలుపుతాడు, ముచ్చిక తీశాక సొన పిండుతాడా లేదా, మోచేతి దాకా కారుస్తాడా, టెంక దగ్గర ఎప్పుడు ఆపుతాడు, వీటిల్లో మనిషి గుణమంతా బయటపడుతుందని ఆయన లెక్క. ఒకరోజు చెప్పాపెట్టకుండా మా ఇంటికి దిగాడు, తన తోట కాయలు ఒక బుట్ట పట్టుకుని. భోజనాలయ్యాక ఆయనే స్వయంగా ఒక కాయ తీసి, తుడిచి, నా చేతికిచ్చాడు.

"తిను బాబూ. మా పెరటి చెట్టుది."

నేను కాయ పట్టుకుని కూచున్నాను. ఎదురుగా ఆయన. పక్కన మా నాన్న. తలుపు వెనక మా అమ్మ, దేవుడికి దణ్ణం పెడుతూ.

"నేను తిననండీ" అన్నాను.

"ఎందుకని?"

నేను మాట్లాడేలోపే మా నాన్న గొంతు సవరించుకున్నాడు. ఇప్పుడన్నా 'తినరా' అంటాడేమో అనుకున్నాను. "మావాడు ఒక మాట అన్నాడండీ, ఈ వేసవిలో పండు ముట్టనని. అన్నాక మరి మాటే కదా" అన్నాడు. ఆయన గొంతులో కోపం లేదు, చిన్న గర్వం ఉంది. నాకు చచ్చేంత సంతోషమూ, ఏడవాలన్నంత దిగులూ ఒకేసారి వచ్చాయి.

చాట్రాయి ఆయన మమ్మల్ని మార్చి మార్చి చూశాడు. "బావగారూ, నేను తోటల్లో పుట్టి తోటల్లో పెరిగినవాణ్ని. మాట కోసం పొలాలు వదులుకున్నవాళ్లని చూశాను, అన్నదమ్ముల్ని వదులుకున్నవాళ్లని చూశాను. మాట కోసం చిన్నరసం వదులుకున్నవాణ్ని మాత్రం చూళ్లేదు. ఉన్నదేదో చెప్పండి, దాచకండి" అని లేచాడు. బుట్ట మా అరుగు మీదే వదిలేసి వెళ్లాడు. నేను ముట్టను కదా, ఆ వాసన కూడా ఇంకో నాలుగు రోజులు భరించాను.

తర్వాత మావయ్య వచ్చాడు, మొహం వేలాడేసుకుని. నూజివీడు తీసుకెళ్లి డాక్టరు చేత మూత్రపరీక్ష చేయిస్తే అప్పుడు ఆలోచిస్తామని కబురు. "వెళ్లొస్తే ఏం పోయిందిరా? సీసాలో పట్టిస్తే అయిపోయె" అన్నాడు.

"నాకు జబ్బు లేదని నేను చెప్పాను కదా మావయ్యా. నా మాట మీద నమ్మకం లేనివాళ్లకి సీసా మీద నమ్మకమేంటి?"

"బావా, మీరన్నా చెప్పండి."

"వాడికి జబ్బు లేదని నేనూ చెప్పాగా. నా మాట చాలదా?" అన్నాడు మా నాన్న, చుట్ట వెలిగించుకుంటూ.

మావయ్య మా అమ్మ వైపు తిరిగి, "వీళ్లిద్దరితో ఎలా కాపరం చేస్తున్నావమ్మా?" అన్నాడు. మా అమ్మ కాకరకాయలు తరగడానికి లేచి వెళ్లింది.

సంబంధం పోయినట్టే అనుకున్నాను. పైకి మాత్రం దర్జాగా తిరుగుతూ ఉన్నాను. (దర్జా ఏం లేదు. అన్నం సయించడం మానేసింది. దాంతో జబ్బు ముదిరిందని ఊళ్లో ఖాయం చేసుకున్నారు.) అలాంటి సమయంలో ఆవకాయ రోజు వచ్చింది. ఏటా మా ఇంటికీ మావయ్య ఇంటికీ కలిపి విస్సన్నపేటలోనే పెట్టేవాళ్లు. కాయలు మా చెట్టువి, కారాలూ ఆవపిండీ వాళ్లవి. అమ్మా నాన్నా నేనూ పొద్దున్నే బండిలో కాయలేసుకుని వెళ్లాం. చూస్తే అక్కడ ముక్కలు తుడవడానికి వచ్చిన ఆడవాళ్లలో ఆ అమ్మాయి కూడా ఉంది, రాత్రి పిన్ని ఇంట్లో పడుకుందట. మధ్యాహ్నం వాళ్ల నాన్న వచ్చి తీసుకెళ్తాడట.

కత్తిపీట నాకిచ్చారు. నేను కాయలు కొడుతుంటే, ఆమె ఎదురుగా చాప మీద కూచుని, ఒక్కో ముక్క తీసుకుని, లోపలి జీడి ఊడదీసి, పైపొర గీకి, పొడిగుడ్డతో తుడిచి అవతల పడేస్తోంది. కాసేపటికి మా అత్తయ్య ఆవాలు దంపించడానికి లోపలికెళ్లింది.

"మీకు నిజంగానే చక్కెర జబ్బా?" అంది, తలెత్తకుండా.

"కాదండీ."

"మరి?"

"మాటన్నాను. మా నాన్నతో."

"దేనికి?"

చెప్పాను. అప్పటిదాకా నా మనసులో ఆ కథ చాలా ఎత్తుగా ఉండేది. ఆమె ముందు పైకి చెబుతుంటే అందులో మంచం కింద టెంకలు తప్ప ఇంకేం కనపడలేదు. విని, ఒక ముక్క తుడిచి పక్కన పెట్టి, "అయ్యో" అంది.

"అయ్యో ఎందుకు?"

"చక్కెర జబ్బైతే బాగుండేది."

నా చేతిలో కత్తి ఆగిపోయింది.

"జబ్బైతే మందుంది. దీనికి మందేంటి?" అంది. "టెంకల కోసం వేసవంతా మామిడిపండు మానేసినవాళ్లు, రేపు పప్పులో ఉప్పెక్కువైతే నాతో ఎన్నేళ్లు మాట్లాడరు? మా నాన్నకేమో మీకు జబ్బుందని భయం. నాకేమో లేదని భయం."

"మాట మీద నిలబడటం తప్పా?" అన్నాను, కొంచెం పౌరుషంగానే.

"నిలబడండి, ఎవరొద్దన్నారు? నిలబడే చోటు చూసుకుని నిలబడాలి. టెంక మీద నిలబడితే జారి పడతారు."

"ఏంటమ్మాయ్, ముక్కలకి జీడి వదిలేస్తున్నావు?" అని లోపల్నించి మా అత్తయ్య కేకేసింది.

"ఈ కాయకి టెంక మరీ గట్టిగా ఉంది పిన్నీ. ఊడుతుందేమోనని చూస్తున్నా" అంది ఆ అమ్మాయి. పక్కనున్న ఆడవాళ్లు నవ్వు ఆపుకోలేక గుడ్డలు మొహాలకి అడ్డం పెట్టుకున్నారు. నేను తల వంచుకుని మిగిలిన కాయలు కొట్టాను. ఆ ముక్కల్లో ఏ రెండూ ఒక్క సైజులో రాలేదు, ఆ ఏడాదంతా ఆవకాయ వడ్డించిన ప్రతిసారీ మా అమ్మ ఆ సంగతి గుర్తు చేసింది.

మధ్యాహ్నం చాట్రాయి ఆయన వచ్చాడు. మమ్మల్ని చూసి మొహం ముడుచుకున్నాడు గానీ, మావయ్య బలవంతం మీద కూచోక తప్పలేదు. మావయ్య, నేను, మా నాన్న, ఆయన, అందరం ఒకే వరస. ఎన్నో రోజుల తర్వాత మా నాన్న పక్కన ఆకు ముందు కూచున్నాను. కొత్తావకాయ కలిపిన అన్నం అయింది, పెరుగూ వచ్చింది. అప్పుడు ఆ అమ్మాయి నానేసిన పళ్ల బేసిన్ పట్టుకుని వచ్చింది. అందరికంటే ముందు నా ఆకు దగ్గర ఆగింది.

"వెయ్యమంటారా?" అంది. ఇంకేం అనలేదు.

మా నాన్న వైపు చూశాను. ఆయన తన ఆకులో మెతుకులు లెక్కపెడుతున్నవాడిలా తల వంచుకుని ఉన్నాడు. ఆ పక్కన చాట్రాయి ఆయన చెయ్యి గాల్లో ఆగిపోయింది. ఇప్పుడు వద్దంటే నా మాట దక్కుతుంది, ఆ అమ్మాయి బేసిన్ పట్టుకుని ముందుకెళ్లిపోతుంది. అలా వెళ్లిన మనిషి మళ్లీ నా ఆకు ముందు ఆగదు.

"వెయ్యండి" అన్నాను.

ఎలా తిన్నానో నాకు తెలియదు. అన్ని రోజుల ఆకలి ఒక్కసారి చేతుల్లోకి వచ్చేసింది. నలపడమూ లేదు, సొన పిండడమూ లేదు. రసం మోచేతి దాకా కారి, అక్కణ్నించి పంచె మీదికి దిగింది. చాట్రాయి ఆయన కళ్లార్పకుండా చూసి, చివరికి మావయ్యతో అన్నాడు: "తినడం అస్సలు రాదు. ఓపిక లేదు, పద్ధతి లేదు. కానీ జబ్బున్నవాడు ఇలా తినడు."

"నే చెప్పలా! రాయిలా ఉన్నాడు మావాడు!" అన్నాడు మావయ్య పొంగిపోతూ.

"ఉండవయ్యా. జబ్బు లేదన్నమాట. అంటే ఆ మాటన్న సంగతి నిజమేనన్నమాట."

"ముమ్మాటికీ నిజమే!"

"మరి ఇప్పుడు తప్పేశాడుగా? సాక్షాత్తూ కన్నతండ్రి పక్కన కూచుని! ఇలాంటి వాడికి పిల్లనెలా ఇమ్మంటావు?"

నా నోట్లో టెంక ఉంది. మింగలేను, కక్కలేను. ఇన్నాళ్లూ మాట నిలబెట్టుకున్నందుకు పోయిన సంబంధం, ఇప్పుడు మాట తప్పినందుకు పోతోంది. లోకంలో ఇంతకంటే న్యాయంగా మునిగినవాడు ఉండడు.

"నేనే తినమన్నాను నాన్నా" అంది ఆ అమ్మాయి.

"నువ్వా? ఎప్పుడు?" అన్నాడు ఆయన.

"పొద్దున. ముక్కలు తుడుస్తూ."

వంటింట్లోంచి ఆడవాళ్ల కిలకిలలు వినపడ్డాయి. ఆయన కూతురి వంక చూశాడు, రసం కారుతున్న నా మోచేతి వంక చూశాడు. మెల్లగా మా నాన్న వైపు తిరిగాడు. "బావగారూ, మాట మీద నిలబడేవాళ్లని చాలామందిని చూశాను. ఆడపిల్ల చెబితే మాట వినే మగాణ్ని ఇదే చూడటం. ముహూర్తం సంగతి మీరే చూడండి."

అప్పుడు తల ఎత్తాడు మా నాన్న. "అమ్మాయ్, ఇటు కూడా ఒకటి వెయ్యమ్మా" అన్నాడు.

"హమ్మయ్య! ఇద్దరికీ ఇవాళే మొదటిది" అంది మా అమ్మ, గుమ్మంలో నిలబడి. "మా ఇంటి కాయలు ఈ ఏడు దూడలూ ఇరుగుపొరుగూ తిన్నారు."

"ఇద్దరికీ ఏంటమ్మా?" అన్నాడు మావయ్య.

"వీడు ముట్టనన్న పూట నుంచి ఆయనా ముట్టలేదు. ఏంటండీ అంటే, పళ్లు పుల్లగా ఉన్నాయే అంటారు."

"ఊరుకోవే. పుల్లగానే ఉన్నాయి" అన్నాడు మా నాన్న, కాయ నలుపుతూ. ఆయన నలిపే తీరు చూసి చాట్రాయి ఆయన మెచ్చుకోలుగా తలాడించాడు.

పెళ్లయింది. ఉద్యోగమూ వచ్చింది. నా గుణం మాత్రం ఎక్కడికీ పోలేదు, అడపాదడపా బయటికి వచ్చి వెళ్తూనే ఉంది. పంతమంటే ఒక్కడు ఆడే ఆట కాదని, అవతలి వైపు కూడా మనతో సమానంగా నోరు కట్టుకునే మనిషి ఒకడుండాలని మా నాన్న పోయాక తెలిసింది. ఆయన ఉన్నన్నాళ్లూ ఎవరు గెలిచారని చూసుకున్నానే గానీ, నాతో ఆడుతున్నాడని అనుకోలేదు. ఇప్పుడు నేనెంత పెద్ద శపథం చేసినా మా ఆవిడ ఎదురు నిలబడదు. మొన్నీమధ్య కాఫీ పల్చగా ఉందన్నాను. "చిక్కగా కావాలంటే మీరే పెట్టుకోండి" అంది. "అయితే ఇకమీదట ఈ ఇంట్లో కాఫీ ముట్టను" అన్నాను, వరండాలోకి వెళ్లి కూచుని. ఎవరూ కంగారు పడలేదు. రోడ్డు మీద యూనివర్సిటీ పిల్లల్ని ఎక్కించుకుని ఆటోలు పోతున్నాయి. లోపల టీవీ మోగుతోంది. ఆ శపథాన్ని జీవితాంతం నిలబెట్టాను. (జీవితాంతం అంటే, సాయంత్రం దాకా.) చీకటిపడే వేళకి లేచి, ఊరికే మంచినీళ్ల కోసం వెళ్లినట్టు వంటింట్లోకి వెళ్లాను. గట్టు మీద గ్లాసు, దాని మీద మూత. "ఇప్పుడే పెట్టాను, చల్లారకముందే తాగండి" అంది మా ఆవిడ, ఇటు తిరగకుండా. తాగాను. చక్కెర కొంచెం తక్కువైంది. ఆ మాట మాత్రం పైకి అనలేదు.